వాన పియానోలో కురుస్తుంది: బ్రామ్స్ జి మేజర్ సొనాటాతో పది నెలలు

2024 జనవరి 13, శనివారం. జర్మనీలోని బాన్ ఊళ్ళో ఎండెనిక్ అనే పేట ఉంది. స్వరకర్త రాబర్ట్ షూమన్ ఆఖరి రెండేళ్ళ పైచిలుకు గడిపిన ఆసుపత్రి భవనం అక్కడే. ఇప్పుడది మ్యూజియమూ సంగీత గ్రంథాలయమూ. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి వయొలిన్ సొనాటా (వయొలిన్, పియానో కలిసి వాయించే మూడు భాగాల కృతి), ఓపస్ 78 (ఆయన కృతుల్లో దాని వరస సంఖ్య), అక్కడి అరలో అచ్చు ప్రతిగా దొరికింది. అందరూ "వాన సొనాటా" అనేది దీన్నే. ఇంటికి తెచ్చి వయొలిన్ భాగం మాత్రం తిరగేశాను. పెద్ద పరుగులు లేవు, పై స్థాయిలో సాములు లేవు. రెండు నెలల పని అనుకున్నాను. నవంబరు 10న అరవై మంది ముందు వాయించేదాకా పట్టింది.

ముందే ఒక మాట. నాది చిన్నప్పుడు కర్ణాటక పద్ధతిలో నేర్చిన చెయ్యి, తర్వాత తొమ్మిదేళ్ళుగా పాశ్చాత్య పద్ధతి. ఇలాంటి చేతికి ఈ సొనాటాలో ఎదురయ్యే చిక్కులు కొన్ని వేరేగా ఉంటాయి. వాటి గురించే ఎక్కువ రాస్తాను.

బ్రామ్స్ దీన్ని 1878, 79 వేసవుల్లో ఆస్ట్రియాలో వ్యోర్టర్ సరస్సు ఒడ్డున ప్యోర్ట్‌షాహ్‌లో ఉన్నప్పుడు రాశారు. తొలి ప్రదర్శన మాత్రం 1879 నవంబరు 8న మా బాన్‌లోనే జరిగింది. మా కచేరీకి మేం, అంటే నేనూ తర్వాత దొరికిన పియానో ఆవిడా, తారీఖు పెట్టుకున్నది దాన్ని చూసే. తీరా 8వ తేదీ శుక్రవారం పడింది, హాలు ఆదివారానికి దొరికింది.

జనవరి, ఫిబ్రవరి: ఒంటరిగా

మొదటి ఆరు వారాలూ ఒక్కణ్ణే వాయించాను. ఇది నా మొదటి తప్పు. రెండో తప్పు, వాయించింది నాదం తగ్గించే రబ్బరు మ్యూట్ తగిలించి. మా అపార్టుమెంటు నియమాల ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, రాత్రి పది తర్వాత చప్పుడు చెయ్యకూడదు. ఆఫీసు నుంచి వచ్చి, వండుకుని తినేసరికి ఎనిమిదిన్నర. పక్కింటివాళ్ళకి పసిపిల్ల. అందుకని మ్యూట్. రోజుకు యాభై నిమిషాలు.

లావు మ్యూట్ పెడితే నాదం చిన్నదైపోతుంది. అది మనకి నచ్చక, తెలియకుండానే కమానుని గట్టిగా నొక్కుతాం. నెల తిరిగేసరికి ఆ నొక్కుడు కుడి చూపుడువేలికి అలవాటైపోతుంది. మ్యూట్ తీసిన రోజున తీగ గీరుకుంటుంది. ఈ సొనాటాలో వయొలిన్ మొదటి స్వరం మీదే "మెత్సా వోచె" అని రాసి ఉంది. సగం గొంతుతో పాడమని అర్థం. నా చెయ్యి సరిగ్గా దానికి వ్యతిరేకం నేర్చుకుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి మరో నెల పోయింది. పక్కవాళ్ళతో మాట్లాడుకుని మ్యూట్ లేకుండా ఇరవై నిమిషాలు వాయించుకోవడం, మ్యూట్‌తో యాభై నిమిషాల కంటే నయం. ఆ మాట వాళ్ళని అడిగిందేమో మార్చిలో. అడగ్గానే సరేనన్నారు.

ఇక ఆ మొదటి మూడు స్వరాలు. డి, డి, డి. జి ని షడ్జం అనుకుంటే పంచమం మూడుసార్లు, పొడుగు-పొట్టి-పొడుగు. ఇంతే. ఈ మూడింటి మీద మొత్తం సొనాటా నిలబడి ఉంది. మొదటి భాగం వీటితోనే మొదలవుతుంది, మూడో భాగమూ వీటితోనే మొదలవుతుంది. పొడుగు స్వరానికి కమాను చాలా ఖర్చవుతుంది. మిగిలిన కొంచెం చోటులో పొట్టి స్వరాన్ని విదిలిస్తాం. విదిలిస్తే అది పొడుచుకొస్తుంది: పాఆ-ప్!-పా. వాన చినుకు కాదది, తలుపు మీద దెబ్బ. నాకు పనిచేసిన ఉపాయం ఇది. పొడుగు స్వరానికి కమాను పై సగంలో నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే ఖర్చు పెట్టాలి. పొట్టి స్వరానికి గోరంత. కమాను తీగ మీంచి లేవకూడదు. అద్దం ముందు నిలబడి కమాను కర్రకి చిన్న కాగితం ముక్క అంటించి, అది ఎంత దూరం కదులుతోందో చూస్తూ పది రోజులు ఇదే చేశాను.

శ్రుతి సరిపోయిందో లేదో వయొలినే చెబుతుంది. ఎ తీగ మీద మూడోవేలు డి మీద ఖచ్చితంగా పడితే, ముట్టుకోని డి తీగ దానంతటది అదురుతుంది. దగ్గరగా చూస్తే తీగ అంచు మసకబారినట్టు కనిపిస్తుంది. వేలు వెంట్రుకవాసి జరిగితే ఆ మసక పోతుంది. ఏ యంత్రమూ అక్కర్లేదు.

పియానో మనిషి కోసం ఐదు వారాలు

ఈలోగా గ్రంథాలయంలోనూ, సంగీత పాఠశాలలోనూ చీటీ అంటించాను. మొదటి పది రోజులు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. తర్వాత ముగ్గురు. ఒకాయన గంటకి యాభై యూరోలు అన్నారు. ఒక విద్యార్థి పియానో ప్రతి చూసి మర్నాడే తప్పుకున్నాడు, అతణ్ణి తప్పుపట్టను. మూడో ఆవిడ రిటైరైన స్కూలు టీచరు, నలభై ఏళ్ళ కిందటి తన సొంత ప్రతి పట్టుకొచ్చారు. అట్ట ఊడి, టేపుతో నిలబడి ఉంది.

వయొలిన్ నేర్చుకునేవాళ్ళు ముందే తెలుసుకోవలసింది: అచ్చులో దీని పేరు "పియానోకీ వయొలిన్‌కీ సొనాటా". పియానో ముందు. ఊరికే మర్యాదకి కాదు. కష్టమైన పని చాలావరకు అటువైపే ఉంది. "తోడు వాయిస్తారా" అని నా చీటీలో రాసుకున్నాను, చూసి ఆవిడ నవ్వారు. "తోడు నువ్వే" అన్నారు తర్వాతెప్పుడో. జర్మన్‌లో కూడా మీరు, నువ్వు తేడా ఉంది. మూడో నెలలో ఆవిడ నన్ను నువ్వు అనడం మొదలుపెట్టి, నన్నూ తనని అలాగే పిలవమన్నారు. అమ్మ వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు మొదటి భాగం నేర్చినంత కాలం పట్టింది.

మార్చి 2: పద్దెనిమిది నిమిషాలు

రిహార్సల్ గది అద్దె గంటకి 14 యూరోలు, నిలువు పియానో. మొదటిసారి పద్దెనిమిది నిమిషాలు వాయించేసరికి నాలుగుసార్లు కుప్పకూలాం.

కారణాలు మూడు. మొదటిది, మొదలే కుదరలేదు. వయొలిన్, పియానో ఒకేసారి మొదలవ్వాలి, అదీ మెల్లగా. నేను తల ఊపితే ఆవిడకి ఆలస్యంగా అందుతోంది. ఆవిడ కనిపెట్టిన మార్గం ఊపిరి. ఆ భాగం నడిచే వేగంలోనే ముక్కుతో వినిపించేలా పీల్చాలి, వదిలే చోట స్వరం. పీల్చడం ఎంత పొడుగుంటే వేగం అంత. రెండు నిమిషాల్లో కుదిరిపోయింది.

రెండోది లయ. మొదటి భాగం ఆవర్తానికి ఆరు దెబ్బలు. ఆరుని బ్రామ్స్ ఒకచోట రెండు మూళ్ళుగా, మరోచోట మూడు రెండ్లుగా విరుస్తారు. ఒక్కోసారి నేను ఒకలా, ఆవిడ ఒకలా. తాళం వేసుకుంటూ పెరిగినవాళ్ళకి ఇది నల్లేరు మీద నడక అనుకున్నాను. కానీ మన కచేరీలో లెక్క ఎంత మెలికపడినా తాళం చేతిలో కదలకుండా ఉంటుంది. ఇక్కడ తాళం వేసే చెయ్యి ఎవరిదీ కాదు. నేను లోపల లెక్క పట్టుకుని కూర్చుంటే ఆవిడ ఎడమచేతి స్వరాలు వినపడటం మానేశాయి. చివరికి చేసింది: నా భాగం వాయించకుండా, ఆవిడ ఎడమచెయ్యి ఒక్కటే వాయిస్తుంటే నేను నా స్వరాలు నోటితో పాడటం. మూడు రిహార్సళ్ళలో మొదటి అరగంట ఇదే. వేగం మూడు క్వార్టర్లకి (ఆ ఆరింటిలో ఒక్కోటీ ఒక క్వార్టరు) ఒక దెబ్బ చొప్పున నిమిషానికి 36 నుంచి మొదలుపెట్టి 46 దగ్గర ఆపాం. అంతకంటే పెంచితే పియానోలో స్వరాలు ముద్దవుతున్నాయి.

మూడోది నేను ఊహించనిది. శ్రుతి. ఎక్కడా తప్పు లేదు, అయినా పుల్లగా ఉంది. ఇంటికొచ్చి ట్యూనర్ పెట్టి చూస్తే అర్థమైంది. నా చెవిలో అంతర గాంధారం తంబురాతో కలిసి పెరిగిన గాంధారం, షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉండేది. పియానోలో బి స్వరం, అంటే జి షడ్జమైతే గాంధారం, దానికంటే 14 సెంట్లు ఎక్కువ. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. పియానో తన తీగలు మార్చుకోలేదు కాబట్టి మారాల్సింది నేనే. అయితే అన్నిచోట్లా కాదు. పియానో ఆ స్వరాన్ని మోగిస్తున్నప్పుడు దాన్నే పట్టుకోవాలి. వయొలిన్ ఒక్కటే రెండు తీగల మీద వాయించేటప్పుడు తియ్యని గాంధారానికి పోవచ్చు. ప్రతిలో నేను పెన్సిల్‌తో "ప" అని రాసుకున్నచోట పియానో గాంధారం, "త" అన్నచోట తంబురా గాంధారం. దీనికి తోడు ఆ గది పియానో ఎ స్వరం 442 కి ఉంది, ఇంట్లో నేను 440 కి అలవాటు. ఆ తేడా మరో ఎనిమిది సెంట్లు.

పాట

సొనాటాకి వాన పేరు రావడానికి కారణం ఒక పాట. క్లౌస్ గ్రోట్ కవితకి బ్రామ్స్ కట్టిన "రేగెన్‌లీడ్", ఓపస్ 59లో మూడోది. వానని కురవమని పిలుస్తూ, చిన్నప్పుడు ఇసుకలో నురగ చూస్తూ కన్న కలల్ని తిరిగి తెమ్మని అడిగే కవిత. సొనాటా మూడో భాగం ఆ పాట వరసతోనే మొదలవుతుంది. ఏప్రిల్‌లో ఒక రోజంతా సొనాటా పక్కనపెట్టి ఆ పాటే చేశాం. ఆవిడ స్నేహితురాలు పాడారు, నేను విన్నాను. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో ఆ చోట్లన్నీ నా ప్రతిలో కామాలు పెట్టుకున్నాను. అప్పటిదాకా నేను కమాను దిశ మార్చుకునే చోట్లకీ, గాయని ఊపిరికీ సగం చోట్ల పొంతనే లేదు. మూడో భాగం వాయించబోయేవాళ్ళు ఈ ఒక్క రోజూ మానొద్దు.

కచేరీలో ముందు పాట, వెంటనే సొనాటా పెడదామనుకున్నాం. కుదరదని తేలింది. పాట ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంది. దాని తర్వాత జి లో మొదలుపెడితే శ్రుతి అర్ధస్వరం జారినట్టుంటుంది, విన్నవాళ్ళకి వయొలిన్ తప్పు పలికిందనిపిస్తుంది. పాటని జి మైనర్‌కి ఎత్తితే గాయని ఒప్పుకోలేదు. వదిలేశాం.

మూడో భాగంలో పియానో కుడిచెయ్యి ఆగకుండా చిన్న స్వరాలు రాలుస్తూ ఉంటుంది. వాన అదే. వయొలిన్‌లో వాన లేదు, తడుస్తున్న మనిషి ఉన్నాడంతే. ఇది అర్థమయ్యాక నా పని సగం తగ్గింది. అప్పటిదాకా ఆ మూడు పంచమాల్ని నేనే చినుకులుగా వాయించబోతున్నాను. స్వరాల్ని ఆగకుండా మోగనిచ్చే పెడల్ దగ్గర మాత్రం ఆవిడ చాలా తిప్పలుపడ్డారు. పూర్తిగా తొక్కితే వరద, వదిలేస్తే టైపు మిషను. నేను మా భాషలో వానలకున్న పేర్లు చెప్పాను: తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి. ముసురు అంటే ఏమిటని అడిగారు. మూడు రోజులు ఉతికిన బట్టలు ఆరని వాన అన్నాను. ఆ తర్వాత ఆవిడ ప్రతిలో మూడో భాగం నెత్తిన రోమన్ లిపిలో ఆ మాట రాసుకుని, పెడల్‌ని సగమే తొక్కి ప్రతి దెబ్బకీ మార్చడం మొదలుపెట్టారు. క్వార్టర్‌కి 76 దగ్గర అది బాగా కుదిరింది.

అడాజియో

మే, జూన్ నెలలు రెండో భాగానికే, మెల్లగా నడిచే ఈ అడాజియోకే పోయాయి. ఇ ఫ్లాట్ మేజర్. పియానో ఒక్కటే మొదలుపెడుతుంది, వయొలిన్ ఆగి వినాలి.

దీని వెనకాల సంగతి తెలిస్తే వాయించడం మారుతుంది. రాబర్ట్ షూమన్ భార్య క్లారా చిన్నకొడుకు ఫెలిక్స్ బ్రామ్స్‌కి ధర్మపుత్రుడు, కవితలు రాసేవాడు, వయొలిన్ వాయించేవాడు. క్షయతో 1879 ఫిబ్రవరిలో పోయాడు, ఇరవైనాలుగేళ్ళకి. ఆ నెలలోనే బ్రామ్స్ ఈ అడాజియో మొదటి ఇరవైనాలుగు ఆవర్తాలు ఒక కాగితం మీద రాసి క్లారాకి పంపారు. మెల్లగా వాయిస్తే, నీ గురించీ ఫెలిక్స్ గురించీ నేను ఎంత తలుస్తున్నానో నా మాటలకంటే ఇదే బాగా చెబుతుందని దాని వెనక రాశారు. రాబర్ట్, క్లారా సమాధి మా ఊరి పాత శ్మశానంలోనే ఉంది. మే నెలలో ఒక సాయంత్రం పనిగట్టుకుని వెళ్ళాను. వెళ్ళినందువల్ల ఒక్క స్వరమూ మెరుగుపడలేదు, కానీ వేగం పెంచాలన్న దురద తగ్గింది.

చేతి విషయానికొస్తే, ఇ ఫ్లాట్ వయొలిన్‌కి సవతితల్లి. జి మేజర్‌లో నాలుగు ఉత్త తీగలూ మోగి సాయం చేస్తాయి. ఇక్కడ షడ్జానికీ మధ్యమానికీ పంచమానికీ, అంటే ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్‌లకి ఏ తీగా పలకదు. మసకబారే తీగని చూసి సరిచేసుకునే ఉపాయం చాలాచోట్ల పోయింది. పైగా నడుమ శవయాత్ర నడకలాంటి భాగం దాటి మొదటి వరస తిరిగొచ్చినప్పుడు, దాన్ని వయొలిన్ రెండు తీగల మీద ఒకేసారి పాడాలి. అదే వరస మూడో భాగం నడుమ మళ్ళీ ఇలాగే వస్తుంది. ఒకచోట నేర్చుకుంటే రెండుచోట్లా పనికొస్తుందనుకుంటే పొరపాటు, మూడో భాగంలో దానికి వేగం ఎక్కువ.

మూడు వారాలు రోజూ ఐదు నిమిషాలు ఇలా చేశాను. రెండు వేళ్ళూ తీగల మీద పెట్టి, కమానుతో కింది స్వరం ఒక్కటే పలికించడం. తర్వాత వేళ్ళు కదపకుండా పై స్వరం ఒక్కటే. ఆఖరున రెండూ. కింది స్వరం శ్రుతి కుదరకుండా పైదానికి పోకూడదు. కమాను బరువు కింది తీగ మీద కొంచెం ఎక్కువుండాలి, చెవి పై తీగని ఎలాగూ పట్టుకుంటుంది. ఐదు నిమిషాలు దాటితే ఎడమచేతి బొటనవేలు బిగుసుకుంటుంది. దాటించి, ఒక వారం నొప్పితో ఊరుకున్నాను.

ఇంకొకటి. మన చెయ్యి పొడుగు స్వరాన్ని ఊరికే ఉండనివ్వదు. గమకం రాకపోయినా ఒక చిన్న జారు వచ్చేస్తుంది. మొదట్లో అవన్నీ కత్తిరించుకుంటూ పోయాను.

జూలై, ఆగస్టు

కమాను వెంట్రుకలు మార్పించాను, 80 యూరోలు. జూలై 9న ఇస్తే 19న చేతికొచ్చింది. ఆ పది రోజులకి బదులు కమాను అడిగి తెచ్చుకోవాలని నాకు తోచలేదు. కొత్త వెంట్రుకలు రోజిన్ (కమానుకి పూసే జిగురు పొడి) పట్టక మొదటి మూడు రోజులు తీగ మీద జారిపోతాయి. అందుకే కచేరీకి నెల లోపల ఈ పని పెట్టుకోకూడదు. ఆ తర్వాత ఆవిడ నాలుగు వారాలు సెలవుకి వెళ్ళారు. ఆ ఖాళీలో పిట్సికాటో, అంటే తీగల్ని వేలితో మీటడం, చూసుకున్నాను.

మొదటి భాగంలో మొదలు మళ్ళీ వచ్చినట్టే అనిపించే చోటు ఒకటుంది. నిజానికి అది మలుపు. వరస పియానోకి పోతుంది, వయొలిన్ తీగలు మీటుతూ కింద ఉంటుంది. వీణ విన్న చెవితో నేను గోటి దగ్గరి వేలికొసతో మీటాను, టంగుమంది. ఇక్కడ కావలసింది వేలి మెత్తటి భాగం, మీటే చోటు బ్రిడ్జికి (తీగల్ని మోసే చెక్కకి) దూరంగా వేళ్ళపలక మీద. కమాను అరచేతిలోనే పట్టుకుని మూడు వేళ్ళు మూసి, చూపుడువేలు ఒక్కటి చాచాలి. తిరిగి కమానుకి మారడానికి వ్యవధి చాలా తక్కువ. ఆ మార్పు ఒక్కటే విడిగా, స్వరాలు లేకుండా, గాల్లో వంద సార్లు చేశాను. చూసేవాళ్ళకి పిచ్చిగా ఉంటుంది.

సెప్టెంబరు 14: వేరే చెవి

ఇద్దరం కలిసి ఒక వయొలిన్ టీచరు దగ్గరికి వెళ్ళాం. గంటకి 70 యూరోలు. అక్టోబరు 5న ఇంకోసారి. ఇది ఏప్రిల్‌లోనే చెయ్యాల్సింది.

టీచరు మొదటి మాట: "ఈ జారుల్ని ఎందుకు చంపేశావు?" బ్రామ్స్ స్నేహితుడు, వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోఆకిమ్ 1903లో చేసిన రికార్డింగులు ఉన్నాయి. వాటిలో వైబ్రాటో (వేలితో స్వరాన్ని వణికించడం) పొదుపుగా ఉంటుంది, స్వరం నుంచి స్వరానికి జారడం ధారాళంగా ఉంటుంది. నేను నాలుగు నెలలు కష్టపడి తీసేసినవి ఆ కాలపు వాద్యంలో మామూలే. అయితే మన జారుకీ దానికీ తేడా ఉంది. మనం జారుని గమ్యస్థానం దాకా వినిపిస్తాం, అదే అందం. అక్కడ జారేటప్పుడు కమాను బరువు తగ్గించాలి, వచ్చింది తెలియాలి గానీ దారి మొత్తం కనపడకూడదు. మొత్తం సొనాటాలో ఎనిమిది జారులు ఎంచి మిగతావి వదిలేశాం.

రెండో మాట పియానో గురించి. బ్రామ్స్ ఇంట్లో ఉన్నది 1868 నాటి ష్ట్రైకర్ పియానో, ఇప్పటి పెద్ద పియానోలకంటే తేలిక నాదం. ఇప్పటి పియానో మంద్ర స్థాయిలో వయొలిన్‌ని మింగేస్తుంది. మూత పూర్తిగా ఎత్తాలా, సగమా, మూసెయ్యాలా అని చాలామంది వాదిస్తారు. టీచరు చెప్పింది: మూత సంగతి తర్వాత, ముందు ఎడమచెయ్యి తగ్గించండి. నిజమే. హాల్లో చిన్న కర్ర మీద కొంచెం ఎత్తాం, సరిపోయింది.

అక్టోబరు

హాలు ఒక చర్చికి చెందినది, మధ్యాహ్నానికి 150 యూరోలు. పియానో ట్యూనరుకి మూడు వారాల ముందు ఫోన్ చేస్తే, కచేరీ రోజు కుదరదు, ముందు రోజు వస్తానన్నారు. 145 యూరోలు. ముందు రోజంటే ఒక చిక్కుంది, ఆ రాత్రి హాల్లో హీటరు వేస్తే శ్రుతి కదులుతుంది. హాలు చూసుకునే ఆయన్ని బతిమాలి, శనివారం నుంచే హీటరు ఒకే మోతాదులో ఉంచమన్నాం.

లెక్క చెప్పేస్తాను. గది 22 గంటలకి 308, హాలు 150, ట్యూనింగు 145, పాఠాలు 140, వెంట్రుకలు 80, తీగలు 72, గ్రంథాలయం ప్రతిలో రాసుకోకూడదు కాబట్టి కొన్న సొంత ప్రతి 30, కరపత్రాలు 18. ఇద్దరికీ కలిపి 943 యూరోలు. తలుపు దగ్గర పెట్టిన డబ్బాలో 211 వచ్చాయి. ఇద్దరం ఉచితంగా వాయించాం, హాలు అద్దె వచ్చిందనుకుని సంతోషించాం.

మన ఊళ్ళో వానాకాలం వయొలిన్ బిరడలు (తీగలు బిగించే మేకులు) ఉబ్బి తిరగవు, తలుపులు పట్టేసినట్టే. ఇక్కడ దీనికి తలకిందులు. అక్టోబరులో ఇళ్ళలో హీటర్లు మొదలవగానే గాలి ఎండిపోతుంది. నా పెట్టెలోని తేమ మీటరు రెండు వారాల్లో 52 నుంచి 31 శాతానికి దిగింది. బిరడలు వాటంతటవే జారి, పొద్దున పెట్టె తెరిస్తే తీగలు వదులుగా వేలాడుతున్నాయి. తడి గొట్టం ఒకటి లోపల పెట్టి, గదిలో గిన్నెలో నీళ్ళు పెట్టి 45కి తెచ్చాను.

నవంబరు 2న రిహార్సల్ మధ్యలో ఎ తీగ మీది అల్యూమినియం చుట్టు తెగి లేచింది. వేలికి గుచ్చుకుంది. ఎక్కడ తెగిందో చూస్తే సరిగ్గా మూడోవేలు పడే చోటు. పది నెలలు అదే డి, అదే చోట. కొత్త సింథటిక్ తీగ నిలదొక్కుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఎనిమిది రోజులున్నాయి కాబట్టి బతికిపోయాం. ఒక్క తీగే మారిస్తే నాదం పొంతన ఉండదు, నాలుగూ మార్చాను.

నవంబరు 10

పొద్దున్నుంచి ముసురే. ఎవరైనా కావాలని ఏర్పాటు చేశారా అనిపించింది. గొడుగులు పెట్టడానికి బకెట్లు లేవు, హాలు వంటగదిలోంచి కూర గిన్నెలు రెండు తెచ్చి పెట్టాం. సాయంత్రం నాలుగింటికి మొదలు.

ఆవిడ ట్యాబ్లెట్ మీద చూసి వాయించారు, పేజీ తిప్పడానికి కాలి కింద పెడల్. మొదటి భాగం మలుపులో అది రెండు పేజీలు తిప్పేసింది. రెండు ఆవర్తాలు ఎడమచెయ్యి ఒక్కటే వాయించి, కుడిచేత్తో వెనక్కి తిప్పుకున్నారు. నేను అప్పుడు మీటుతున్నాను, వరస ఉండాల్సిన చోట నా మీటులు మాత్రమే మిగిలాయి. ఆపలేదు. ఎవరూ కనిపెట్టలేదు, ఆ వయొలిన్ టీచరు తప్ప. పియానో ఆవిడ తన పాత అట్టలేని ప్రతి పియానో మీద పెట్టుకునే ఉన్నారు, అడాజియో నుంచి దానికే మారిపోయారు.

అడాజియోలో రెండు తీగల వరస ఇంట్లో ఎప్పుడూ రానంత శుభ్రంగా వచ్చింది. మూడో భాగంలో రెండోసారి వచ్చినప్పుడు పై స్వరం ఒకటి జారింది. మొదటి భాగం చివర జనం చప్పట్లు కొడతారేమోనని భయపడ్డాం, కొట్టలేదు, దగ్గారు.

ఈ సొనాటా గట్టిగా ముగియదు. మైనర్ నుంచి చివరి పేజీలో మేజర్‌కి వచ్చి, వేగం తగ్గి, నాదం సన్నగిల్లి ఆగిపోతుంది. ఆఖరి స్వరానికి కమాను మిగలకపోవడం అందరూ చేసే తప్పు. నేను కొస నుంచి మూడు వేళ్ళ దూరంలో ఉన్నాను, ఆ మూడు వేళ్ళతోనే సరిపెట్టాను. కమాను తీగ మీంచి తియ్యలేదు, ఆవిడ పెడల్ మీంచి కాలు తియ్యలేదు. కిటికీ మీద నిజం వాన వినిపిస్తోంది. ఎంతసేపో లెక్కపెట్టలేదు, ఆవిడ కాలు తీసినప్పుడు పియానో లోపల ఫెల్టు తీగల మీద పడిన చప్పుడు కూడా వినిపించింది.

ఆరున్నరకల్లా హాలు ఖాళీ చెయ్యాలి. కమాను వదులు చేసి, తీగల మీది రోజిన్ పొడి తుడిచి పెట్టె మూసేసరికి ఆవిడ అప్పటికే కుర్చీలు ఐదేసి చొప్పున దొంతర పెడుతున్నారు. అరవై కుర్చీలు, పన్నెండు దొంతర్లు. నేను గిన్నెలు కడిగి వంటగదిలో పెట్టాను.